నాదిర్ షా ఢిల్లీ దాకా ఎలా రాగలిగాడు?

1739లో ఇరాన్ నుంచి నాదిర్ షా దండెత్తి వచ్చాడు, ఢిల్లీని దోచుకున్నాడు, నెమలి సింహాసనాన్నీ కోహినూరునీ పట్టుకుపోయాడు. బళ్ళో చదువుకున్న చరిత్రలో మనలో చాలామందికి గుర్తున్నది ఇంతే. దానికి కారణం కూడా ఒకటి చెప్పేవారు: అప్పటి మొఘల్ పాదుషా మహమ్మద్ షా ఆటపాటల్లో మునిగి రాజ్యాన్ని గాలికొదిలేశాడని, అందుకే ఓడిపోయాడని. నాకు ఈ కారణం ఎప్పుడూ సరిపోలేదు. పాదుషాకి రాజ్యం పట్టలేదనే అనుకుందాం. అయినా కాబూల్ దగ్గర్నుంచి కర్నాల్ దాకా వెయ్యి కిలోమీటర్ల పైచిలుకు దారిలో ఒక పరాయి సైన్యం తొమ్మిది నెలలపాటు మెల్లగా నడిచి వస్తుంటే, అన్ని సుబాలు (రాష్ట్రాలు), అంతమంది అమీర్లు (దర్బారు పెద్దలు), అంత సైన్యం, లోకంలోనే నిండుగా ఉన్న ఖజానాల్లో ఒకటి ఉండి కూడా ఒక్కరూ ఎందుకు అడ్డుపడలేకపోయారు?

ఢిల్లీలో డబ్బుంది. నాదిర్ పట్టుకుపోయిందే దానికి సాక్ష్యం. కానీ ఆ డబ్బు అవసరమైన చోటికి, అవసరమైన రోజుకి చేరే దారులు మూసుకుపోయాయి. మూసింది దర్బారులో ఒకరి మీద ఒకరు కత్తులు నూరుకుంటున్న నలుగురైదుగురు పెద్దమనుషులు. నా దృష్టిలో అసలు కథ ఇదే. మొదట్నుంచీ చూస్తే గానీ ఇది అర్థం కాదు.

ముందు ఇరాన్ సంగతి. మొఘలులకు 1739లో పట్టిన గతి ఇరాన్‌కి 17 ఏళ్ళ ముందే పట్టింది. అక్కడ రెండు శతాబ్దాలకు పైగా ఏలిన సఫావీ వంశం 1722లో కుప్పకూలింది. కాందహార్ నుంచి వచ్చిన ఘిల్జాయి ఆఫ్ఘన్లు మహమూద్ హోతకీ నాయకత్వంలో, గుల్నాబాద్ దగ్గర తమకంటే చాలా పెద్దదైన సఫావీ సైన్యాన్ని ఓడించి, రాజధాని ఇస్ఫహాన్‌ని నెలల తరబడి చుట్టుముట్టి, ఊళ్ళో జనం తిండి లేక రాలిపోతుంటే లొంగదీశారు. ఇదే అదనుగా పడమటి నుంచి ఒట్టోమన్లు, ఉత్తరం నుంచి రష్యన్లు చెరో ముక్క లాక్కున్నారు. ఆ శిథిలాల్లోంచి పైకొచ్చిన మనిషి నాదిర్. ఖొరాసాన్‌లో అఫ్షార్ తెగ, ఏ వంశ గొప్పా లేని కుటుంబం. సఫావీ యువరాజు తహ్మాస్ప్ పక్కన చేరి, 1729లో ఆఫ్ఘన్లను తరిమేసి ఇస్ఫహాన్ తిరిగి గెలిచాడు. 1732లో అదే తహ్మాస్ప్‌ను గద్దె దించాడు. 1736లో మొఘాన్ మైదానంలో తానే షా అని ప్రకటించుకున్నాడు.

ఈ మనిషి బలమంతా సైన్యంలోనే ఉంది, ఆ సైన్యమే ఆయనకు పెద్ద బరువు కూడా. జీతాలు సక్రమంగా ఇవ్వాలి, గుర్రాలు చస్తే కొత్తవి కొనివ్వాలి, బరువైన పొడవాటి తుపాకులు మోసే జజాయర్చీ దళాలకు ఎప్పుడూ తర్ఫీదు ఇస్తూ ఉండాలి. ఇవన్నీ చేశాడు కాబట్టే ఆ సైన్యం ఆసియాలో మరెక్కడా లేనంత గట్టిగా తయారైంది. ఖర్చేమో పదిహేనేళ్ళ యుద్ధాలతో పీల్చి పిప్పైన ఇరాన్ రైతు నెత్తిన పడింది. అక్కడ పిండడానికి ఇంకేమీ మిగల్లేదు. అలాంటి సైన్యాన్ని ఖాళీగా కూర్చోబెడితే తిరగబడుతుంది, పనిలో పెట్టాలంటే డబ్బు కావాలి. పక్కనేమో డబ్బున్న ఇల్లు, తలుపు గడియ ఊడిపోయి ఉంది.

సాకు దొరకడం కష్టం కాలేదు. 1737లో నాదిర్ ఘిల్జాయిల ఆఖరి స్థావరమైన కాందహార్‌ని ముట్టడించాడు. దాదాపు ఏడాది పట్టింది, 1738 మార్చిలో ఊరు పడిపోయింది. ముట్టడికి ముందే ఆయన ఢిల్లీకి రాయబారుల్ని పంపాడు: నేను తరుముతున్న ఆఫ్ఘన్లు మీ కాబూల్ సుబాలోకి పారిపోకుండా సరిహద్దు మూసేయండి అని. అలాగే అన్నారు, చెయ్యలేదు. చెయ్యడానికి సరిహద్దులో సైన్యమంటూ ఉంటే కదా. పారిపోయినవాళ్ళు గజనీ, కాబూల్ వైపే వెళ్ళారు. ఆఖర్న మహమ్మద్ ఖాన్ తుర్క్‌మన్ అనే రాయబారిని పంపి, 40 రోజుల్లో జవాబు తీసుకుని తిరిగి రమ్మన్నాడు. ఢిల్లీ దర్బారు ఆయనకు ఔననీ చెప్పలేదు, కాదనీ చెప్పలేదు, వెళ్ళనివ్వనూ లేదు. ఏడాది గడిచిపోయింది. నాదిర్‌ని షా అని పిలవాలా వద్దా, ఉత్తరంలో ఏ బిరుదు వాడాలి అని తర్జనభర్జన పడుతూ కూర్చున్నారు. యుద్ధానికి కారణం వెతుక్కుంటున్నవాడికి ఇంతకంటే ఏం కావాలి!

1738 మే నెలలో నాదిర్ మొఘల్ గడ్డ మీద అడుగుపెట్టాడు. గజనీ లొంగిపోయింది. జూన్‌లో కాబూల్ కోట కొన్నాళ్ళు ఎదురు నిలిచి పడిపోయింది.

కాబూల్ సుబేదారు నాసిర్ ఖాన్ అప్పుడు పెషావర్‌లో ఉన్నాడు. ఆయన గురించి మన పుస్తకాల్లో ఒక్క ముక్క కూడా ఉండదు, కానీ మొత్తం వ్యవహారంలో నన్ను ఎక్కువ కదిలించేది ఆయన గోడే. ఆయన సైనికులకు అయిదేళ్ళ జీతం బకాయి ఉంది. నాదిర్ కాందహార్ దగ్గరున్నప్పటి నుంచీ ఆయన ఢిల్లీకి ఉత్తరం మీద ఉత్తరం రాశాడు. అయిదేళ్ళదీ అడగలేదు. ఒక్క ఏడాది జీతమైనా పంపండి, నా మనుషులు అప్పులవాళ్ళ నోరు మూయించి చేతిలో కాస్త పెట్టుకుని నిలబడతారు అని అడిగాడు. ఆ ఉత్తరాలు చేరింది మీర్ బక్షీ ఖాన్ దౌరాన్ దగ్గరికి, అంటే సైన్యం జీతభత్యాలన్నీ చూసే పెద్ద అధికారి దగ్గరికి. ఆయన ఇచ్చిన జవాబు ఆనాటి చరిత్రల్లో ఉంది: బెంగాల్‌కి రాశాం, వానలు వెలిశాక అక్కడి శిస్తు సొమ్ము వస్తుంది, రాగానే పంపుతాం. కొండల మీద ఇళ్ళున్నవాళ్ళకి దూరాన ఉన్న సైన్యాలు కనిపిస్తాయేమో, మైదానంలో ఉన్న మాకు కనపడటం లేదు అని కూడా అన్నాడట.

నిజానికి అప్పటికి క్రమం తప్పకుండా ఢిల్లీకి పెద్ద మొత్తం పంపుతున్న సుబా బెంగాల్ ఒక్కటే. ఔరంగజేబు 1707లో చనిపోయాక సింహాసనం కోసం జరిగిన యుద్ధాల్లో ఖజానా కరిగింది. ఆయన దక్కన్‌ని జయిస్తూ పోయినకొద్దీ అక్కడి సర్దారుల్ని కలుపుకోవడానికి మన్సబులు, అంటే జీతంతో కూడిన హోదాలు పంచాడు, మన్సబులు పెరిగాయి గానీ వాటికి ఇవ్వాల్సిన జాగీర్లు, అంటే శిస్తు వసూలు హక్కున్న భూములు అంతగా పెరగలేదు. కాగితం మీద జాగీరు చేతికొచ్చాక అసలు భూమి మీద శిస్తు రాబట్టడానికి ఏళ్ళు పట్టేది. 1719 ఒక్క ఏడాదిలోనే పాదుషా ఫరూఖ్‌సియర్‌ని చంపి, ఇద్దరు కీలుబొమ్మ పాదుషాల్ని గద్దె ఎక్కించి, వాళ్ళు రోగాలతో పోతే మూడోవాడిగా మహమ్మద్ షాని కూర్చోబెట్టారు. ఇలాంటి రోజుల్లో సుబాలో ఉన్న పెద్దమనిషి శిస్తు కేంద్రానికి పంపుతాడా, తన దగ్గరే ఉంచుకుంటాడా? అవధ్, దక్కన్, పంజాబ్ అన్నీ అదే దారి పట్టాయి. పేరుకి పాదుషా నౌకర్లు, ఎవరి ఖజానా వాళ్ళది. ఎవరి సుబాని వాళ్ళు బాగానే చూసుకున్నారు, కొన్నిచోట్ల మునుపటికంటే మెరుగ్గానే. ఎవరికీ చెందని సుబా కాబూల్. అక్కడినుంచి వచ్చే ఆదాయం లేదు, ఖర్చు మాత్రం ఉంది. కాబట్టి దానికోసం తన సంచి విప్పేవాడు లేడు.

1738 నవంబర్ 26న నాసిర్ ఖాన్ ఖైబర్ కనుమలో, అలీ మస్జిద్ దగ్గర, అప్పటికప్పుడు పోగేసిన కొండ తెగల మనుషులతో కాపు కాశాడు. నాదిర్ ఎదురుగా రాలేదు. స్థానికుడు చూపించిన వేరే కష్టమైన కొండదారిన రాత్రంతా గుర్రాలు నడిపించి వెనక నుంచి వచ్చి పడ్డాడు. పెషావర్ పోయింది. అటక్ దగ్గర సింధు నది దాటాడు. 1739 జనవరిలో లాహోర్ సుబేదారు జకరియా ఖాన్ కాస్త పోరాడి, 20 లక్షలు చెల్లించి ఊరిని కాపాడుకున్నాడు. ఆయన్ని తప్పుపట్టడం నాకు కష్టంగా ఉంటుంది. ఢిల్లీ నుంచి ఒక్క గుర్రం కూడా సాయం రానప్పుడు ఆయన ఊరు తగలబడకుండా చూసుకున్నాడు.

ఇంతకీ ఢిల్లీలో ఎవరెవరున్నారు?

మీర్ బక్షీ ఖాన్ దౌరాన్ హిందుస్తానీ, అంటే ఇక్కడే పుట్టిపెరిగినవాళ్ళ వర్గం, పాదుషాకి దగ్గరివాడు. వజీరు (ప్రధానమంత్రి) ఖమరుద్దీన్ ఖాన్ తూరానీ, అంటే మధ్య ఆసియా మూలాలున్న వర్గం. అవధ్ నవాబు సాదత్ ఖాన్ ఇరానీ, పుట్టింది నాదిర్ సొంత ప్రాంతమైన ఖొరాసాన్‌లోని నిషాపూర్‌లోనే. ఇక నాలుగోవాడు మనకు బాగా తెలిసినవాడు, నిజాం ఉల్ ముల్క్ ఆసఫ్ జా, హైదరాబాద్ నిజాముల వంశానికి మూలపురుషుడు. ఈయనా తూరానీయే. తాత అబిద్ ఖాన్ 1687లో ఔరంగజేబు గోల్కొండని ముట్టడించినప్పుడు ఫిరంగి గుండు తగిలి చనిపోయాడు. నిజాం చిన్నప్పటి నుంచి ఔరంగజేబు దగ్గర పెరిగాడు, వజీరుగా కొన్నాళ్ళు చేసి, దర్బారుని బాగుచేయబోయి ఎగతాళి పాలై, విసిగిపోయి దక్కన్‌కి వెళ్ళిపోయాడు. 1724లో షకర్‌ఖేడా యుద్ధం గెలిచాక అక్కడ దాదాపు స్వతంత్రంగానే ఉన్నాడు. 1737లో మరాఠా పేష్వా బాజీరావు ఢిల్లీ పొలిమేరల దాకా వచ్చి అందర్నీ హడలెత్తించాక పాదుషా ఆయన్ని బతిమాలి పిలిపించాడు. ఆ ఏడాది చివర్లోనే నిజాం బాజీరావు మీదికి వెళ్ళి భోపాల్ దగ్గర చిక్కుకుపోయాడు, బయటినుంచి సాయం అందక 1738 జనవరిలో మాళవ వదులుకునే ఒప్పందం మీద సంతకం పెట్టి తిరిగొచ్చాడు. అంటే నాదిర్ వచ్చేనాటికి అరవై ఏడేళ్ళ ముసలాయన, మొఘల్ సేనానుల్లో అందరికంటే అనుభవజ్ఞుడు, అప్పుడే పరువు పోగొట్టుకుని ఉన్నాడు. ఖాన్ దౌరాన్‌కి ఆయనంటే పడదు. ఆయనకి ఖాన్ దౌరాన్ అంటే పడదు. సాదత్ ఖాన్‌కి ఇద్దరిమీదా అనుమానమే.

నిజామూ సాదత్ ఖానూ కలిసి నాదిర్‌ని రహస్యంగా పిలిచారని అప్పట్లోనే ఢిల్లీలో చెప్పుకునేవారు. ఇప్పటికీ కొందరు అదే రాస్తారు. నేను నమ్మను. దానికి గట్టి ఆధారం లేదు, పైగా నాదిర్‌కి పిలుపు అవసరమే లేదు. సాదత్ ఖాన్ పోరాడుతూ పట్టుబడ్డాడు, పిలిచినవాడు అలా చేస్తాడా? ద్రోహం అని ఒక్క మాటలో తేల్చేస్తే మనసుకి తృప్తిగా ఉంటుంది గానీ, జరిగింది అంతకంటే ఘోరం: ఎవరూ ద్రోహం చేయకుండానే రాజ్యం పోయింది.

డిసెంబర్‌లో సేనాపతుల్ని బయల్దేరమన్నారు. వాళ్ళు ఢిల్లీ దాటి షాలిమార్ తోట దగ్గర గుడారాలు వేసుకుని, ఎవరి కింద ఎవరు నడవాలో తేలక, వారాల తరబడి అక్కడే ఉండిపోయారు. చివరికి పాదుషా స్వయంగా కదిలితే గానీ సైన్యం కదల్లేదు. రాజపుత్రులకు ఉత్తరాలు రాశారు, ఎవరూ రాలేదు. ఢిల్లీకి 120 కిలోమీటర్ల దూరంలో కర్నాల్ దగ్గర, కాలువ పక్కన, మైళ్ళ పొడవున మట్టిగోడ కట్టుకుని ఫిరంగులు పేర్చుకుని ఆగారు. అవధ్ నుంచి సాదత్ ఖాన్ రావాలి, ఆయన కోసం ఎదురుచూపులు.

సాదత్ ఖాన్ నెల రోజులు ఆగకుండా నడిచి, కాలికి మానని పుండుతో, ఫిబ్రవరి 23 రాత్రికి చేరాడు. మర్నాడు పాదుషా ముందు కూర్చుని మాట్లాడుతుండగా కబురొచ్చింది: వెనక పానిపట్ దారిలో వస్తున్న తన సామాన్ల బండ్ల మీద ఇరానీలు పడ్డారని. అందరూ ఆగమన్నారు. నిజాం అయితే స్పష్టంగా చెప్పాడు, పొద్దు వాలుతోంది, నీ మనుషులు అలసిపోయారు, రేపు ఫిరంగులతో పద్ధతిగా వెళ్దామని. సాదత్ ఖాన్ వినలేదు. కత్తి తీసుకుని లేచాడు. నెల రోజుల నడకతో సొమ్మసిల్లి ఉన్న అవధ్ సైనికుల్లో చాలామంది అసలు లేవనేలేదు, వెంట వచ్చిన కొద్దిమందితోనే బయటికి ఉరికాడు. ఎదురైన ఇరానీలు వెనక్కి పరిగెత్తారు. గెలుస్తున్నాననుకుని తరిమాడు, సాయం పంపమని కబురు పెట్టాడు. ఖాన్ దౌరాన్ తన ఏనుగు ఎక్కి సాయానికి వెళ్ళాడు. మధ్యాహ్నం దాటింది, పెద్ద ఫిరంగులు లాక్కెళ్ళే తీరిక లేదు, అవి మట్టిగోడ వెనకే ఉండిపోయాయి.

వెనక్కి పరిగెత్తిన ఇరానీలు చేసింది ఎర వేయడం. వాళ్ళ వెనక జజాయర్చీలు వరసల్లో ఉన్నారు, ఒంటెల మీద చిన్న ఫిరంగులు అమర్చిన జంబూరక్ దళం ఉంది. ఒంటెను మోకాళ్ళ మీద కూర్చోబెట్టి కాల్చడం, లేపి వేరే చోటికి పరిగెత్తించడం, మళ్ళీ కాల్చడం, ఇదీ పద్ధతి. మొఘల్ సర్దారులు ఎత్తైన ఏనుగుల మీద అంబారీల్లో అందరికీ కనిపించేలా కూర్చున్నారు, ఆ రోజుల్లో సర్దారు కనపడకపోతే సైన్యం చెదిరిపోయేది మరి. తుపాకీ గురికి అంతకంటే మంచి లక్ష్యం ఉండదు. పరాక్రమానికి లోటు లేదు, ఈ మాట గట్టిగా చెప్పాలి, ఆ మైదానంలో మొఘల్ రౌతులు పిరికిగా చావలేదు. కత్తి దూసి దగ్గరికి వెళ్ళేలోపే పడిపోయారు. మూడు గంటల్లో అయిపోయింది. ఖాన్ దౌరాన్‌ని ఒంటినిండా గాయాలతో, స్పృహ లేకుండా గుడారానికి మోసుకొచ్చారు. సాదత్ ఖాన్ ఏనుగు మీదికి సొంత బంధువు ఏనుగే మదమెక్కి దూసుకొచ్చి దాన్ని ఇరానీల వరసల్లోకి తరిమింది, అక్కడ నిషాపూర్‌కే చెందిన ఒక సైనికుడు అంబారీ తాడు పట్టుకుని పైకెక్కి ఆయన్ని గుర్తుపట్టి బందీగా తీసుకెళ్ళాడు.

ఈ మూడు గంటలూ నిజాం కదల్లేదు. పాదుషాతో కలిసి కాలువ పక్కన తన సైన్యంతో నిలబడే ఉన్నాడు. అప్పట్నుంచి ఇప్పటిదాకా ఇది వివాదమే. ఆయన తరఫున ఒక మాట చెప్పొచ్చు, తను వద్దన్న యుద్ధం అది, ఫిరంగులు లేకుండా సాయంత్రం పూట వెళ్తే ఆయనకీ అదే గతి పట్టేది, పాదుషాని ఒంటరిగా వదిలినట్టయ్యేది. కానీ పక్కన నిలబడి చూస్తున్నది తన ఇద్దరు ప్రత్యర్థులు నేలకూలడం. ఆ లెక్క ఆయన మనసులో లేదంటే నమ్మడం కష్టం. అంత పెద్ద సైన్యంలో ఆ రోజు నిజంగా పోరాడింది ఒక భాగం మాత్రమే. మిగతాది చెక్కుచెదరకుండా ఉంది. అంటే కర్నాల్‌తోనే అంతా అయిపోలేదు.

గాయాలతో చావుబతుకుల్లో ఉన్న ఖాన్ దౌరాన్ తనని చూడటానికి వచ్చినవాళ్ళతో ఒక్క మాట అన్నాడంటారు: పాదుషాని నాదిర్ దగ్గరికి తీసుకెళ్ళకండి, నాదిర్‌ని ఢిల్లీకి తీసుకెళ్ళకండి, ఎలాగోలా ఈ పీడని ఇక్కడినుంచే వెనక్కి పంపండి. కాబూల్ జీతాలు ఎగ్గొట్టిన మనిషే, ఆఖరి మాట మాత్రం సరైనది చెప్పాడు. ఇంచుమించు అలాగే జరగబోయింది కూడా. బందీగా ఉన్న సాదత్ ఖాన్ సలహా మీద నాదిర్ నిజాంని పిలిపించాడు. నిజాం బేరమాడి 50 లక్షలకు ఒప్పించాడు: 20 లక్షలు వెంటనే, లాహోర్‌లో 10, అటక్‌లో 10, కాబూల్‌లో 10. దాంతో నాదిర్ వెనక్కి వెళ్ళిపోవాలి. పాదుషా వెళ్ళి నాదిర్‌ని కలిశాడు, మర్యాదలు జరిగాయి, తిరిగొచ్చాడు.

అంతలో ఖాన్ దౌరాన్ చనిపోయాడు. మీర్ బక్షీ పదవి ఖాళీ అయింది. సాదత్ ఖాన్ ఎన్నాళ్ళుగానో ఆశపడుతున్న పదవి అది. అది నిజాం ఇంటికి వెళ్ళింది. ఈ సంగతి నాదిర్ శిబిరంలో ఉన్న సాదత్ ఖాన్ చెవిన పడింది. ఆయన మండిపోయి నాదిర్ దగ్గరికెళ్ళి, 50 లక్షలేమిటి, ఈ మొత్తాన్ని నా ఇంట్లోంచే ఇవ్వగలను, ఢిల్లీ వస్తే 20 కోట్లు దొరుకుతాయి అన్నాడు. నాదిర్ నిజాంని మళ్ళీ పిలిపించి ఈసారి వదల్లేదు. పాదుషా కూడా రావాల్సి వచ్చింది. బయట మొఘల్ శిబిరానికి దారులన్నీ ఇరానీలు మూసేశారు, ధాన్యం ధర ఆకాశానికెక్కింది, సైనికులు ఒక్కొక్కరే జారుకున్నారు.

ఒక పదవి కోసం ఢిల్లీ పోయిందా అంటే, అంత తేలిగ్గా నేననను. నాదిర్‌కి సైన్యాన్ని పోషించే డబ్బు కావాలి, 50 లక్షలు ఆయన సైన్యానికి ఎన్నాళ్ళొస్తాయి? సాదత్ ఖాన్ నోరు విప్పకపోయినా ఇంకో సాకు వెతికేవాడేమో. కానీ బేరం తెగ్గొట్టే అవకాశం అంత సులభంగా ఆయన చేతికి ఇచ్చింది మాత్రం దర్బారే. శవం ఇంకా చల్లారకముందే పదవి పంచుకోవడానికి తీరిక దొరికింది. కాబూల్ సిపాయిలకి ఏడాది జీతం పంపడానికి మాత్రం వానలు వెలవాలన్నారు.

మార్చి 20న నాదిర్ ఢిల్లీలో అడుగుపెట్టాడు. మర్నాడు ఇరానీల కొత్త సంవత్సరం నౌరోజ్, అదే సమయానికి బక్రీద్ కూడా. మసీదుల్లో ఖుత్బా, అంటే పాలకుడి పేరు తలిచే ప్రసంగం, నాదిర్ పేరుమీద చదివారు. 20 కోట్లు పోగుచేయలేక మాట పడ్డ సాదత్ ఖాన్ ఆ ఒకటి రెండు రోజుల్లోనే చనిపోయాడు, విషం తాగాడని చెప్పుకున్నారు. 21 సాయంత్రం పహాడ్‌గంజ్‌లో గిడ్డంగులు తెరిపించి ధాన్యం ధర నిర్ణయించబోయిన ఇరానీ సైనికులకీ అక్కడి జనానికీ గొడవ మొదలైంది. అంతలో నాదిర్‌ని కోటలో చంపేశారని పుకారు లేచింది. రాత్రంతా జనం కనపడ్డ ఇరానీనల్లా చంపారు. పొద్దున నాదిర్ గుర్రమెక్కి చాందినీ చౌక్ మధ్యలో ఉన్న రోషనుద్దౌలా సునహరీ మసీదుకి వచ్చాడు. ఆయన మీదికీ ఒక తుపాకి పేలి పక్కనున్నవాడు పడ్డాడు. నాదిర్ కత్తి దూశాడు. అదే సైగ.

ఉదయం తొమ్మిది నుంచి మధ్యాహ్నం రెండు దాకా చాందినీ చౌక్, దరీబా, ఫతేపురి చుట్టుపక్కల వీధుల్లో ఆడామగా పిల్లా పెద్దా తేడా లేకుండా నరికారు. ఇళ్ళు తగలబెట్టారు. చనిపోయినవాళ్ళు 20 వేల నుంచి 30 వేల దాకా అని సాధారణంగా ఒప్పుకునే అంచనా. నిజాం, వజీరు వెళ్ళి వేడుకుంటే ఆపమన్నాడు, ఆపమన్న వెంటనే సైన్యం ఆగిపోయింది. నన్ను అన్నిటికంటే భయపెట్టేది ఆ ఆగడమే. అయిదు గంటలపాటు రక్తం మరిగి చంపుతున్న వేలమంది ఒక్క మాటకి ఆగారంటే, అది అదుపు తప్పిన అల్లరి కాదన్నమాట.

తర్వాత వసూళ్ళు. ఢిల్లీని అయిదు భాగాలు చేసి, ఇంటింటికీ లెక్క రాసి, మనిషి మనిషికీ ఇంత అని విధించారు. వజీరు దగ్గర దివానుగా పనిచేసే మజ్లిస్ రాయ్ చెవి కోయించారు, ఆయన ఆత్మహత్య చేసుకున్నాడు. బెంగాల్ సుబా తరఫు వకీలుని, అంటే దర్బారులో దాని ప్రతినిధిని, ఏడు కోట్లు కట్టమంటే, అంత సొమ్ముకి బెంగాల్ నుంచి ఢిల్లీ దాకా బండ్లు వరసకట్టాలి అన్నాడు, ఆ మాటకి చావబాదారు. మొత్తం దోపిడీ ఎంత అన్నదానికి 15 కోట్ల నగదు నుంచి, నగలూ వస్తువులూ కలిపి 70 కోట్ల దాకా లెక్కలు ఉన్నాయి. వజీరు దగ్గర పనిచేస్తూ ఇదంతా కళ్ళారా చూసిన ఆనంద్ రామ్ ముఖ్లిస్ ఒక్క రత్నాల విలువే 50 కోట్లకు దగ్గరగా వేశాడు. నాదిర్ ఇరాన్‌లో మూడేళ్ళ పన్నులు రద్దు చేశాడు. కాబూల్ బకాయి అయిదేళ్ళదీ తీర్చినా ఈ మొత్తంలో లెక్కకే వచ్చేది కాదు.

కోహినూర్ గురించి తెలుగువాళ్ళం మాట్లాడకుండా ఉండలేం. ఓడిపోయిన పాదుషా దాన్ని తలపాగాలో దాచుకుంటే నాదిర్ స్నేహం పేరుతో తలపాగాలు మార్చుకుని కొట్టేశాడనే కథ చాలా తర్వాత, ఇంగ్లీషువాళ్ళ కాలంలో పోగైన ఢిల్లీ కబుర్లలోది. 18వ శతాబ్దపు పారశీక చరిత్రకారుడు మహమ్మద్ కాజిం మార్వీ రాసినదాని ప్రకారం అది నెమలి సింహాసనానికే పొదిగి ఉంది. సింహాసనంతో పాటే వెళ్ళింది. అది కృష్ణ ఒడ్డున కొల్లూరు గనిలో దొరికిందని మనం చెప్పుకుంటాం, ఆ గని ఉన్న చోటు ఇప్పుడు పులిచింతల జలాశయం కింద ఉంది. అంతకంటే నాదిర్ తీసుకెళ్ళినవాటిలో ఇప్పటికీ టెహ్రాన్‌లోనే ఉన్న దర్యా ఇ నూర్ వజ్రానికి గోల్కొండతో బంధం ఇంకా స్పష్టంగా ఉంది: ఫ్రెంచి వర్తకుడు తావెర్నియే 1642లో గోల్కొండలో చూశానని చెప్పిన పెద్ద పలక వజ్రంలోంచి తీసిన ముక్కే ఇదని 1965లో పరిశీలించిన కెనడా నిపుణులు తేల్చారు. గోల్కొండ గనుల్లో కూలీలు తవ్వింది ఔరంగజేబు ఖజానాకి, అక్కడినుంచి నాదిర్ ఖజానాకి చేరింది.

మే 16న, 57 రోజులుండి, నాదిర్ వెళ్ళిపోయాడు. కిరీటం తన చేత్తోనే మహమ్మద్ షా తలమీద పెట్టి, సింధుకి పడమరనున్నదంతా తనదని రాయించుకున్నాడు. ఇంత తెలివైనవాడు ఢిల్లీలోనే ఉండి ఏలకపోవడం వింతగా అనిపిస్తుంది గానీ, ఆయనకి కావాల్సింది సైన్యానికి జీతమే. అదీ నిలవలేదు. డబ్బుని ఖొరాసాన్‌లోని కలాత్ కోటలో దాచాడు, కొత్త యుద్ధాలు పెట్టుకున్నాడు, దాగెస్తాన్‌లో దెబ్బతిన్నాడు, కన్నకొడుకు రెజా ఖులీ తనని చంపించబోయాడని అనుమానించి 1742లో కళ్ళు పీకించాడు, రద్దు చేసిన పన్నుల్ని రెట్టింపు కర్కశంగా వసూలు చేశాడు. 1747లో సొంత మనుషులే గుడారంలో పొడిచి చంపారు.

ఆయన సైన్యంలో పనిచేసిన అహ్మద్ షా అబ్దాలీ వెంటనే కాందహార్‌లో రాజై, మరుసటి ఏడాదే పంజాబ్ మీదికి వచ్చాడు. ఇక్కడ జరిగింది చాలా పుస్తకాల్లో కనపడదు. 1748 మార్చిలో సర్హింద్ దగ్గర మానుపూర్‌లో మొఘల్ సైన్యం అబ్దాలీని ఓడించింది. అదే పాదుషా, అదే వజీరు ఖమరుద్దీన్, ఖజానా మాత్రం ఖాళీ. నమాజు చేసుకుంటున్న వజీరుకి ఫిరంగి గుండు తగిలి చనిపోయాడు. కొడుకు మొయినుల్ ముల్క్, అందరూ మీర్ మన్నూ అని పిలిచే మనిషి, తండ్రి చావుని సైన్యానికి తెలియనివ్వకుండా పోరాటం నడిపించాడు. సాదత్ ఖాన్ మేనల్లుడు, ఇరానీ వర్గం పెద్ద అయిన సఫ్దర్ జంగ్ అతనికి అండగా నిలిచాడు. కర్నాల్‌లో జరగనిది ఇక్కడ జరిగింది, ఒక వర్గంవాడు కష్టంలో ఉంటే ఇంకో వర్గంవాడు కదిలాడు. అబ్దాలీ వెనక్కి తగ్గాడు.

కొద్ది వారాల్లోనే మహమ్మద్ షా, ఆ తర్వాత జూన్ ఒకటిన నిజాం ఉల్ ముల్క్ చనిపోయారు. సఫ్దర్ జంగ్ వజీరయ్యాడు, మీర్ మన్నూ పంజాబ్ సుబేదారయ్యాడు, ఇద్దరూ మళ్ళీ ప్రత్యర్థులయ్యారు. అబ్దాలీ మరోసారి వచ్చినప్పుడు మీర్ మన్నూ ఢిల్లీకి సాయం కోసం రాశాడు, రాలేదు, పంజాబ్‌లో నాలుగు మహళ్ళ (జిల్లాల) ఆదాయం అబ్దాలీకి ఇస్తానని ఒప్పుకుని ఊపిరి పీల్చుకున్నాడు. 1752లో అబ్దాలీ ఇంకోసారి వచ్చాడు. లాహోర్‌లో మీర్ మన్నూ నెలల తరబడి ఒంటరిగా పోరాడి ఓడిపోయాడు, పంజాబ్ మొఘలుల చేయి దాటిపోయింది.